మహానటి సావిత్రి – మందు మాటున మరుగైన మనిషి



వార్షికోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసివ్వమని కబురు వచ్చినప్పుడు మేము చాలా ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, మహాత్మా ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి మీరే మా కంటే బాగా రాస్తారు. అందుకని మేము ఒక సినిమా నటి జీవితాన్ని ఎంచుకున్నాం. చదువుకునే పిల్లలకు సినిమా నటి కథ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ కథతో మాకు ఒక బాకీ ఉంది. ఆ బాకీ ఏమిటో ముందే చెబుతాం.

మేము ఆళ్లగడ్డ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒక సెలవు రోజున టి.వి.లో మాయాబజార్ వచ్చింది. హాలు నిండా పిల్లలం కింద కూర్చుని చూశాం. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు అద్దం ముందు చేసే హంగామాకు కడుపుబ్బ నవ్వాం. అంతలో పెద్ద తరగతి అన్న ఒకరు, ఈ నటి తాగి తాగి చచ్చిపోయిందని అన్నాడు. హాలంతా మళ్లీ నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మా నాయన కూడా తాగేవాడు.

అంతకు కొన్ని వారాల ముందు ఒక ఆదివారం మా నాయన హాస్టల్ గేటు దగ్గరకు వచ్చాడు. చేతిలో అరటిపళ్లు, కారాబూందీ ఉన్న సంచి. కాళ్లు తడబడుతున్నాయి. ఆయన ఎవరని తోటి పిల్లలు అడిగితే, మా ఊరాయన అని చెప్పాం. ఆ మాట ఆయన చెవిన పడింది. ఏమీ అనకుండా సంచిని గేటుకు తగిలించి వెనక్కి తిరిగిపోయాడు.

మేము పదో తరగతిలో ఉండగా, 2018లో, మహానటి అనే సినిమా వచ్చింది. ఆ సినిమా చూశాక సావిత్రి గారి జీవితం గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాం. తర్వాత నంద్యాలకు వచ్చి ఇంటర్, డిగ్రీ చదువుకున్నాం. మా వంశంలో డిగ్రీ చేసింది మేమే మొదలు. ఇప్పుడు పి.జి. చదువుతున్నాం. ఇన్నేళ్లూ చదివినదాన్ని, మా ఇంట్లో చూసినదాన్ని కలిపి మీ ముందు పెడుతున్నాం.

తండ్రి లేని పిల్ల

సావిత్రి గారు 1930ల నడిమి కాలంలో గుంటూరు జిల్లా తాడేపల్లి దగ్గరి చిర్రావూరు గ్రామంలో పుట్టారు. తల్లిదండ్రులు నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ. ఆమెకు ఆరు నెలల వయసులోనే తండ్రి చనిపోయాడు. తల్లి తన ఇద్దరు ఆడపిల్లలతో విజయవాడలో అక్క ఇంటికి చేరింది. అక్కడ పెద్దనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య గారే సావిత్రిని తన బిడ్డలా పెంచారు. ఆమె సంగీతం, నాట్యం నేర్చుకుంది. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు వేసింది. పెద్ద చదువులు చదివే వీలు దొరకలేదు. పరాయి పంచన పెరగడం ఎలా ఉంటుందో హాస్టల్ పిల్లలమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

పెద్దనాన్న ఆమెను వెంటబెట్టుకుని మద్రాసు చేరాడు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులోనే తయారయ్యేవి. 1950లో వచ్చిన సంసారం సినిమాలో ఆమెకు మొదట కథానాయిక వేషం అనుకున్నారు. కెమెరా ముందు బెరుకు వల్ల అది చేజారి, చివరకు చిన్న పాత్ర మిగిలింది. 1951లో పాతాళభైరవిలో ఒక నాట్యం చేసే అవకాశం వచ్చింది. 1952లో పెళ్లిచేసి చూడు సినిమాతో నలుగురి కళ్లలో పడింది. 1953లో దేవదాసు సినిమాలో పార్వతి పాత్ర వేసింది. ఇక ఆమె వెనుదిరిగి చూసుకోలేదు.

మొదటి సినిమాలో వేషం పోయిందని ఆమె ఇంటికి వెళ్లిపోయి ఉంటే మనకు మహానటి ఉండేది కాదు. పరీక్ష తప్పామని ట్రంకు పెట్టె సర్దుకునే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగింటి ఆడపడుచు

1955లో మిస్సమ్మ వచ్చింది. ఆ పాత్రకు ముందు అనుకున్నది భానుమతి గారిని. అనుకోకుండా అది సావిత్రిని చేరింది. 1957లో కె.వి.రెడ్డి గారి మాయాబజార్ వచ్చింది. అందులో ఆమె శశిరేఖగా ఒక నడక, శశిరేఖ వేషంలోని ఘటోత్కచుడిగా ఇంకొక నడక నడిచింది. ముఖం ఒకటే, మనుషులు ఇద్దరు. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ నటన చూసి హాస్టల్ పిల్లలు నవ్వుతున్నారంటే ఆమె ప్రతిభ ఎంతటిదో ఊహించండి. తర్వాత నర్తనశాలలో ద్రౌపది, మూగమనసులులో జమీందారు బిడ్డ. తమిళంలో శివాజీ గణేశన్ చెల్లెలిగా నటించిన పాశమలర్ 1961లో వచ్చింది. తమిళులు కూడా ఆమెను తమ ఇంటి పిల్లగానే భావించారు. అక్కడ ఆమెకు దక్కిన బిరుదు నడిగైయర్ తిలకం. అంటే నటీమణులలో తిలకం.

ఆమె చేయి కూడా పెద్దది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారికి రక్షణ నిధి కోసం తన ఒంటి మీది నగలు ఇచ్చేసింది. రేపల్లె దగ్గర వడ్డివారిపాలెంలో పల్లెటూరి పిల్లల కోసం బడి పెట్టడానికి సాయం చేసింది. ఈ రోజుకీ అక్కడి హైస్కూలు ఆమె పేరుతోనే ఉంది. తాను ఎక్కువ చదువుకోలేకపోయిన మనిషి పరాయి పిల్లల చదువు కోసం డబ్బు పెట్టింది. తాగి చచ్చిపోయిందని నవ్విన మాలో ఎవరికీ ఆనాడు ఈ సంగతి తెలియదు.

మొదటి గ్లాసు

1952లో సావిత్రి నటుడు జెమినీ గణేశన్‌ను పెళ్లి చేసుకుంది. అప్పటికే ఆయనకు పెళ్లయి పిల్లలున్నారు. ఆ పెళ్లి కొన్నేళ్లపాటు గుట్టుగా ఉండి, తర్వాత లోకానికి తెలిసింది. వారికి ఒక కూతురు, ఒక కొడుకు. కాలం గడిచేకొద్దీ ఆ సంసారంలో కలతలు వచ్చాయి. 1960ల చివరికి ఇద్దరూ దూరమయ్యారు.

ఆమెకు మందు అలవాటు చేసింది ఎవరు, మొదటి గ్లాసు చేతికిచ్చింది ఎవరు అని జనం నేటికీ వాదులాడుకుంటారు. మేము ఆ వాదనలోకి వెళ్లం. మన పల్లెల్లోనూ ఇదే జరుగుతుంది. వాడు చెడగొట్టాడు, వీడు తాపించాడు అని రచ్చబండ మీద తీర్పులు చెబుతారు. తీర్పు చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకుపోరు. మొదటి గ్లాసు ఎవరు ఇచ్చారన్న ప్రశ్న కంటే, చివరి గ్లాసు లోపు చేయి పట్టుకున్నవారు ఎవరన్న ప్రశ్న పెద్దది.

ఇంకొక విషయం గమనించాలి. సావిత్రి వెలిగిన కాలమంతా మద్రాసులో మద్యనిషేధం ఉంది. రాజాజీ గారు 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. మన నంద్యాల, ఆళ్లగడ్డ కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడే, 1954 నవంబరులో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం విషయం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తమిళనాడులో నిషేధాన్ని సడలించింది 1971లో. అంటే చట్టం అడ్డం ఉన్న ఊళ్లోనే ఆమెకు మందు అలవాటైంది.

చట్టం వద్దని మేము అనడం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినందువల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటానికి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ అంగడి మూసినంత మాత్రాన, అప్పటికే అలవాటు పడిన మనిషి ఒంట్లోని జబ్బు మూతపడదు. దానికి వైద్యం కావాలి, తోడు కావాలి.

పతనం

1968లో సావిత్రి చిన్నారి పాపలు సినిమాకు దర్శకత్వం వహించింది. ఆడవాళ్లు మెగాఫోన్ పట్టడం అరుదైన రోజుల్లో అది సాహసమే. ఆ తర్వాత మూగమనసులు కథను తమిళంలో ప్రాప్తం పేరుతో స్వయంగా తీసింది. 1971లో వచ్చిన ఆ సినిమా ఆడలేదు. అప్పులు పెరిగాయి. ఆదాయపు పన్ను బాకీలు మీద పడ్డాయి. త్యాగరాయనగర్ హబీబుల్లా రోడ్డులో మోజుపడి కట్టుకున్న ఇల్లు దక్కలేదు. చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. ఒకప్పుడు కథానాయికగా రాజ్యమేలిన మనిషి తల్లి వేషాలకు, చిన్న వేషాలకు ఒప్పుకుంది. 1979లో వచ్చిన గోరింటాకులో ఆమెను చూస్తే మాయాబజార్ శశిరేఖ ఈమేనా అని గుండె తరుక్కుపోతుంది. అయినా ఆమె నటన మానలేదు. కష్టంలో కూడా పనికి వెళ్లింది.

ఈ మధ్యలో మందు ఆమెను పూర్తిగా పట్టేసింది. తోడుగా మధుమేహం, రక్తపోటు కూడా చేరాయి. 1980 మే నెలలో షూటింగు కోసం బెంగళూరు వెళ్లినప్పుడు స్పృహ తప్పింది. ఆ కోమా నుంచి ఆమె లేవలేదు. పందొమ్మిది నెలలు మంచం మీదే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.

ఒక కాలంలో ఆమె ఇంటి ముందు కార్లు బారులు తీరేవి. సాయం అడిగి వచ్చినవారు వట్టి చేతులతో పోయేవారు కాదని అంటారు. అంతటి మనిషికి ఆఖరున లోకం పెట్టిన పేరు తాగుబోతు. ఆ ఒక్క మాట ఆమె నటనను, దానగుణాన్ని, తల్లి మనసును కప్పేసింది.

ఆలస్యంగా వచ్చిన సాయం

మేము చదివిన వాటిలో మమ్మల్ని బాగా కలచివేసిన విషయం ఒకటుంది. సావిత్రి కోమాలోకి వెళ్లిన 1980లోనే, అదే మద్రాసు నగరంలో, శాంతి రంగనాథన్ గారనే ఆమె మద్యం వ్యసనపరుల కోసం ఒక వైద్య సంస్థను ప్రారంభించారు. ఆమె భర్త టి.టి. రంగనాథన్ పెద్ద పారిశ్రామిక కుటుంబానికి చెందినవాడు. ఆయన తాగుడు వల్లనే 1979లో చిన్న వయసులో చనిపోయారు. ఇంకొక ఆడదానికి ఈ గతి రాకూడదని ఆమె ఆయన పేరుతోనే ఆ సంస్థను స్థాపించారు. అక్కడ తాగేవారికి వైద్యం చేస్తారు, వారి ఇంటివారికి కూడా ధైర్యం చెబుతారు. 1992లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఊరు ఒకటే, సంవత్సరం ఒకటే. ఒక తలుపు తెరుచుకునే వేళకు ఇంకొక మనిషి కళ్లు మూతపడ్డాయి. కొన్నేళ్లు ముందు ఆ తలుపు తెరుచుకుని ఉంటే సావిత్రి బతికేదా? మేము చెప్పలేం. ఈ రోజు మాత్రం ఆ తలుపులు చాలా చోట్ల తెరిచే ఉన్నాయి. అయినా మనవాళ్లు సిగ్గుతో లోపలికి అడుగు పెట్టడం లేదు. మా బాధంతా అదే.

తాగుడు జబ్బేనా?

జబ్బే. అమెరికా వైద్యుల సంఘం 1956లోనే దీన్ని జబ్బుగా గుర్తించింది. అంటే మాయాబజార్ రావడానికి ఒక ఏడు ముందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కూడా ఇది ఉంది.

మన మెదడులో హాయిని కలిగించే డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. మందు, గంజాయి, గుట్కా, పిల్లలు కొందరు పీల్చే వైట్‌నర్ లాంటివి ఆ రసాయనాన్ని మామూలు కంటే ఎక్కువగా వదిలిస్తాయి. రోజులు గడిచేకొద్దీ మెదడు దానికి అలవాటు పడిపోతుంది. నిన్న ఒక గ్లాసుతో వచ్చిన మత్తు నేడు రెండు గ్లాసులు తాగితే గానీ రాదు. ఆ తర్వాత మత్తు కోసం కాదు, చేతులు వణకకుండా ఉండటం కోసం తాగాల్సి వస్తుంది. తెల్లారగానే అంగడి ముందు నిలబడే మనిషిని మనం సోమరి అనుకుంటాం. నిజానికి చాలాసార్లు అతను వణుకు ఆపుకోవడానికే అక్కడ నిలబడతాడు.

మధుమేహం ఉన్నవారికి మందు మరీ ప్రమాదం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మన కాలేయం రక్తంలోకి చక్కెరను వదులుతుంది. మందు ఆ పనిని అడ్డుకుంటుంది. ఇన్సులిన్ వేసుకుని, అన్నం తినకుండా తాగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. తాగి పడిపోయాడులే అని వదిలేస్తే మెదడు దెబ్బతింటుంది, ప్రాణం కూడా పోతుంది. మీ ఇంట్లో చక్కెర జబ్బు ఉండి తాగేవారు ఉంటే ఈ సంగతి తప్పక చెప్పండి.

మా ఇంట్లో జరిగింది

మేము నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు, అమ్మ పోరు పడలేక మా నాయన ఒక రోజు దేవుడి ముందు కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటికి రోజుకు రెండు పూటలా తాగుతున్న మనిషి. ఒక్కసారిగా మానేశాడు. మేమంతా సంబరపడ్డాం. మరుసటి రోజుకు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. చనిపోయిన మా జేజి వచ్చి పిలుస్తోందన్నాడు. గాలి సోకిందని ఊళ్లోవాళ్లు అన్నారు. తాయెత్తు కట్టించారు. మేము ఊరికి వచ్చేసరికి ఫిట్స్ వచ్చాయి. ఆటో మాట్లాడుకుని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడి డాక్టరమ్మ మాకు ఒక విషయం చెప్పింది. ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుందట. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చలించి లేనివి కనపడవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం మీదకు వస్తుంది. అది గాలీ కాదు, దయ్యమూ కాదు. మా నాయనకు సూదులు, బి1 విటమిన్, నిద్ర మందులు ఇచ్చారు. వారం రోజులకు మనిషి మనిషయ్యాడు.

కథ అక్కడితో అయిపోలేదు. నాలుగు నెలలకు ఊళ్లో ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. మేము బాగా కోప్పడ్డాం. రెండు వారాలు మాట్లాడలేదు. డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. చక్కెర జబ్బు మనిషి ఒక రోజు లడ్డు తింటే వైద్యం ఆపేస్తామా అని అడిగింది. మళ్లీ మందులు రాసింది. ఇంకొకసారి కూడా జారాడు. మళ్లీ లేచాడు. ఇప్పటికి రెండు సంక్రాంతులు తాగకుండా గడిచాయి. రేపటి సంగతి ఎవరికీ తెలియదు. ఈ రోజు తాగలేదన్నదే మా ఇంట్లో లెక్క.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు

ఇంట్లో తాగేవారు ఉంటే అది మీ తప్పు కాదు. మీరు మార్కులు తెచ్చినందువల్ల వారు మానరు, మీరు ఫెయిలైనందువల్ల తాగరు. ఆ బరువు మీ నెత్తిన పెట్టుకోవద్దు.

తాగి ఉన్నప్పుడు గొడవ పెట్టుకోవద్దు. తెల్లారి మత్తు దిగాక, పక్కన కూర్చుని మాట్లాడండి. తాగుబోతువు అని కాకుండా, నీ ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రికి పోదాం రా అని పిలవండి. మాట మారితే మనిషి కూడా కొంచెం మెత్తబడతాడు.

తాగి వచ్చి కొడుతుంటే మాత్రం ఓర్చుకోవద్దు. జబ్బు అని అర్థం చేసుకోవడం వేరు, దెబ్బలు తినడం వేరు. అమ్మను, చెల్లెళ్లను తీసుకుని ముందు పక్కింటికి చేరండి. పిల్లల సహాయం కోసం 1098, అత్యవసరమైతే 112.

అన్నంలో, చారులో తెలియకుండా కలిపితే తాగుడు మానతారని పొడులు అమ్ముతుంటారు. కొనవద్దు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ లాంటి మందును కూడా మనిషికి తెలియకుండా పెట్టకూడదు. దాని మీద తాగితే గుండె దడ, వాంతులు వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు.

రోజూ ఎక్కువగా తాగేవారిని ఒట్టు పెట్టించి ఒక్కసారిగా మాన్పించవద్దు. ముందు డాక్టరుకు చూపించండి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446 నంబరుకు ఫోన్ చేయండి. అది మత్తు పదార్థాల వ్యసనం నుంచి బయటపడేందుకు సాయం చేసే జాతీయ నంబరు. మనసు బాగా లేకపోతే 14416 ఉంది. రెండూ ఉచితమే.

తాగుడు మానినవారు కలిసి కూర్చుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు కూడా ఉన్నాయి. 1935లో అమెరికాలో ఇద్దరు వ్యసనపరులు ఒకరికొకరు తోడుగా నిలబడటంతో అది మొదలైంది. అక్కడ ఫీజులు ఉండవు, ఇంటిపేర్లు అడగరు.

ఇక మీ సంగతి. హాస్టల్ నుంచి కాలేజీకి వెళ్లాక ఎవరో ఒకరు ఒక్కసారే కదా అని చేయి చాపుతారు. మొదటిసారి వద్దనడం సులువు, నూరోసారి వద్దనడం కష్టం. సావిత్రి అంతటి మనిషికే కష్టమైంది. మీలో ఎవరైనా ఇప్పటికే గంజాయికో, మరోదానికో అలవాటు పడి ఉంటే దాచుకోకండి. నమ్మకమున్న ఒక్క పెద్దమనిషికి చెప్పండి. పక్క మంచం వాడు చెడు అలవాటులో ఉంటే ఎగతాళి చేయకండి, అలాగని మూసిపెట్టకండి కూడా. వాడిని వెంటబెట్టుకుని వార్డెన్ సారు దగ్గరికో, డాక్టరు దగ్గరికో వెళ్లండి.

చివరగా

ఆనాడు టి.వి. హాల్లో నవ్విన పిల్లలు చెడ్డవాళ్లు కారు. వాళ్లకు తెలియదు, అంతే. మేము నవ్వకపోయినా, గేటు దగ్గర చేసింది నవ్వు కంటే పెద్ద తప్పు. కన్నతండ్రిని మా ఊరాయన అన్నాం. సావిత్రి గారి కథ చదివాకే ఆ తప్పు మాకు అర్థమైంది. ఆమెను లోకం తాగుబోతు అని పిలిచి దూరంగా నిలబడింది. మేము కూడా అదే చేశాం. ముందే చెప్పిన బాకీ అదే.

ఈసారి మాయాబజార్ వచ్చినప్పుడు కడుపుబ్బ నవ్వండి. ఆమె నవ్వించడానికే నటించింది. ఎవరైనా తాగి చచ్చిపోయిందట అంటే, జబ్బు చేసి, సాయం అందక చనిపోయిందని చెప్పండి. ఆమె తన నగలు దేశానికి ఇచ్చిందని, పల్లె పిల్లలకు బడి కోసం సాయం చేసిందని కూడా చెప్పండి.

ఈ వార్షికోత్సవానికి పాత విద్యార్థులుగా మమ్మల్నీ పిలిచారు. మేము మా నాయనను వెంటబెట్టుకుని వస్తున్నాం. ఆయన రానన్నాడు, బతిమాలి ఒప్పించాం. గేటు దగ్గర మీరు ఎవరైనా ఈయన ఎవరని అడగండి. ఈసారి సరిగా చెబుతాం.